కోళ్లు వదిలేసిన అక్రోట్లు

జూలై 1, బుధవారం

ఈ నోటుపుస్తకంలో ఇరవై రెండేళ్లుగా కొలతలు తప్ప మరేమీ రాయలేదు. పిండి ఎన్ని ఔన్సులు, ఓవెన్‌లో ఎంతసేపు, పైన ఎంత పగిలింది. ఈరోజు కొలత కాని సంగతి ఒకటి రాయాల్సి వస్తోంది.

రొట్టె మాడింది. నేను చేసిన రొట్టె. ఖర్జూరం, అక్రోటు వేసి నేను కళ్లు మూసుకుని చేయగలిగే రొట్టె. ఓవెన్‌కు నాలుగడుగుల దూరంలో బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. తోటలో ఉల్లి మడి దగ్గరున్న క్లిఫర్డ్ బురద బూట్లతోనే లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటి పిల్లా, ఇల్లు తగలబెట్టేస్తావా?"

అరవై రెండేళ్ల దాన్ని పట్టుకుని ఇంకా పిల్లా అంటాడు. ఓవెన్ తలుపు తీస్తే నల్లటి పొగ. కిటికీలన్నీ తెరిచాడు. బూట్ల బురదకు నేను తిట్టాను.

ఓవెన్ పాడైంది. వేడి ఎక్కువవుతోంది. మనిషిని పిలిపించాలి.

జూలై 3, శుక్రవారం

మరమ్మతు చేసే అతను వచ్చి గంటసేపు చూసి, "మీ ఓవెన్ నాకంటే ఆరోగ్యంగా ఉందమ్మా" అని టీ తాగి వెళ్లిపోయాడు. ఇప్పటి కుర్రాళ్లకు పని రాదు.

జూలై 5, ఆదివారం

రొట్టె మళ్లీ చేశాను. ఖర్జూరాలు సన్నగా తరిగి, వంటసోడా చల్లి, మరిగే నీళ్లు పోసి, చల్లారేదాకా వదిలేశాను. వెన్న, చక్కెర, గుడ్డు, పిండి, అక్రోట్లు. గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పైన ఒక్కటే పగులు, తిన్నగా. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

తింటే తీపి ఉంది. ఖర్జూరం లేదు.

ఈ ఏడు ఖర్జూరాలు బాగాలేవు. మే నెలలో పట్టుకున్న ఆ దిక్కుమాలిన ఫ్లూ జ్వరం తగ్గాక కొన్న సరుకేదీ బాగాలేదు. టీ కంపెనీ వాళ్లు కూడా ఏదో మార్చారు. వేడినీళ్లు తాగినట్టుంది.

జూలై 8, బుధవారం

రావెన్‌బెక్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆగస్టు 29 శనివారం వాళ్ల ఊరి పంటలు, వంటల పోటీల ప్రదర్శనకు ఎప్పటిలాగే నేనే జడ్జి. కొండకు అవతలి ఊరు. కేకులు, రొట్టెల బల్ల నాది. ఇది పంతొమ్మిదో ఏడు. సొంత ఊళ్లో ఎవరూ జడ్జిగా ఉండకూడదు కాబట్టి ప్రతి ఏడూ కొండ దాటి వెళ్లి, వాళ్ల రొట్టెలు కోసి, రుచి చూసి, కార్డులు పెట్టి వస్తాను.

జడ్జిలకు పెట్టే జిల్లా పరీక్షలో నాకు ఎనభై ఎనిమిది మార్కులు వచ్చాయి. అదే రోజు పరీక్ష రాసిన మూరియెల్ డెంట్‌కు ఎనభై ఆరు. అందుకే ఆవిడకు జామ్ బల్ల ఇచ్చారు.

జూలై 12, ఆదివారం

చర్చిలో వేసవి టీ విందు. రెండు రొట్టెలు చేసి పట్టుకెళ్లాను. కొత్త అక్రోట్లు కొనడం మరిచిపోయాను, బీరువాలో సీసాలో నిరుటివి ఉంటే అవే వేశాను. ఒక్క ముక్క మిగల్లేదు. "చాలా బాగుంది ఈనిడ్" అని ఆరుగురు అన్నారు. లెక్కపెట్టుకున్నాను. ఏడో ఆవిడ "ఎంత బాగా కోశావో!" అంది.

ఖర్జూరాల సంగతి ఇక మర్చిపోవచ్చు. ఏమైనా ఉంటే ఇంతమంది తింటారా?

జూలై 13, సోమవారం

ఉదయం గుడ్లకోసం కోళ్ల దొడ్లోకి వెళ్లాను. మామూలుగా ఆ పని క్లిఫర్డ్‌ది, ఇవాళ మోకాలు నొప్పి అన్నాడు. తొట్టి పక్కన నేలమీద చిన్నచిన్న గోధుమరంగు ముక్కలు. రాళ్లనుకున్నాను. వంగి తీసి చూస్తే అక్రోట్లు.

రొట్టె అంతా పొడుచుకు తిని, అక్రోట్లు మాత్రం ఏరి పక్కన పెట్టేశాయి. మా కోళ్లు పురుగుల్ని తింటాయి, తడి పేపరు తింటాయి, ఒకసారి క్లిఫర్డ్ చొక్కా గుండీ మింగేశాయి.

చేతిలో పట్టుకుని లోపలికి వెళ్లి బల్లమీద పోశాను. క్లిఫర్డ్ కళ్లజోడు సర్దుకుని వాటిని చూశాడు, నన్ను చూడలేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏది ఎప్పట్నుంచి?"

"క్లిఫర్డ్."

"జూన్ నుంచనుకో. మొదట్లో జామ్ రాసుకుని లాగించేశాను. నిన్నటివి మాత్రం నా వల్ల కాలేదు పిల్లా. పాతనూనె కంపు. నోట్లో పెట్టుకోగానే లాంతరు నాకినట్టయింది."

"మరి అంతమంది తిన్నారు కదా?"

ఆయన లేచి వెళ్లి తన కోటు తెచ్చి, జేబులోంచి నాలుగు కాగితపు రుమాళ్లు తీశాడు. ఒక్కోదాంట్లో మడిచి ఒక్కో ముక్క. ఒకటి పాస్టరుగారి భార్యదట. విందు అయ్యాక గోడవెనక చెత్తబుట్టలో, పూలకుండీలో, పియానో మూత కింద దొరికినవన్నీ ఏరుకుని, నా కంట పడకుండా ఇంటికి తెచ్చి, సాయంత్రమే కోళ్లకు వేశాడు. ఇవి వేయగా మిగిలినవి.

మా ఊళ్లో ఒకరి మొహంమీద మీ కేకు బాగాలేదు అని ఎవరూ అనరు. పెళ్లాం లేచిపోయిందని అంటారు గానీ, కేకు బాగాలేదని అనరు. నేనూ అనలేదు ఎప్పుడూ. ఆ మాట అనడానికే, జీతం లేని జడ్జిగా, కొండ అవతలికి వెళ్తాను.

పియానో మూత కింద!

జూలై 14, మంగళవారం

వండలేదు. క్లిఫర్డ్ గుడ్లు ఉడకబెట్టాడు.

జూలై 20, సోమవారం

డాక్టరు గొంతులో లైటు వేసి, ముక్కులో లైటు వేసి, కొన్ని సీసాలు వాసన చూపించాడు. ఫ్లూ జ్వరం ముక్కులోని నరాలను దెబ్బతీసి ఉంటుందన్నాడు. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఎప్పుడని అడిగితే భుజాలు ఎగరేశాడు.

"నాలుక బాగానే ఉందమ్మా. తీపి, ఉప్పు, పులుపు, చేదు తెలుస్తాయి. మిగతా రుచి అంతా నిజానికి ముక్కు చేసే పని."

ముప్ఫై ఏళ్లు లేని కుర్రాడు నాకు రుచి గురించి పాఠం చెప్పాడు.

నాలుక బాగానే ఉందని డాక్టరే అన్నాడు. అది రాసిపెట్టుకోవాలి.

ఆగస్టు 2, ఆదివారం

బాగా ఆలోచించాను. మార్కులు ఇరవై. అందులో పైకి కనిపించేదానికి అయిదు, లోపలి గుల్లదనానికి అయిదు, రుచికి పది. అంటే సగం కంటికీ చేతికీ సంబంధించినవి. నాకున్న కన్ను, చెయ్యి ఈ జిల్లాలో ఎవరికీ లేవు. రొట్టె అడుగున చల్లార్చే తీగల జాలీ గుర్తులున్నాయా, కింద పడ్డ అక్రోట్లు ఒకచోట కుప్పపడ్డాయా, వేలితో నొక్కితే తిరిగి పైకి వస్తోందా, ఇవన్నీ చూడ్డానికి ముక్కు ఎందుకు? తీపి ఎక్కువో తక్కువో నాలుక చెబుతుంది. కాబట్టి ఇరవైలో పదిహేను నా దగ్గర ఉన్నట్టే.

అదీకాక అప్పటికి వాసన తిరిగి వచ్చేస్తుంది.

క్లిఫర్డ్‌కు ఈ లెక్క చెప్పాను. "నీ ఇష్టం" అన్నాడు. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆయన నీ ఇష్టం అన్న ప్రతిసారీ ఇద్దరికీ ఇష్టం లేని పనే జరిగింది.

ఆగస్టు 10, సోమవారం

నా కళ్లకు తువ్వాలు కట్టి, ఒక్కో వస్తువూ ముక్కు దగ్గర పెట్టమన్నాను. మొదటిది ఏమీ లేదు. కాఫీ అట. రెండోది ఏమీ లేదు. ఆయన మేజోడట, కావాలనే పెట్టాడు. మూడోది పెట్టగానే కళ్లు మండి నీళ్లు కారాయి.

"ఉల్లిగడ్డ! చూశావా, తెలిసింది!"

"అది కన్ను చెప్పింది పిల్లా, ముక్కు కాదు."

తువ్వాలు తీసి ఆయన మీదికి విసిరేశాను. తర్వాత చాలాసేపు ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక నాకు ఏడుపొచ్చింది. ఆయన ఉల్లిగడ్డ మీద నెపం పెట్టాడు, నేనూ ఒప్పుకున్నాను.

ఆగస్టు 19, బుధవారం

రావెన్‌బెక్‌కు ఫోన్ చేసి రాలేనని చెబుదామని మూడుసార్లు రిసీవర్ ఎత్తాను. నేను రాకపోతే మూరియెల్‌ను రొట్టెల బల్లకు మారుస్తారు. పెట్టేశాను.

ఆగస్టు 28, శుక్రవారం

తెల్ల కోటు ఇస్త్రీ చేశాను. కత్తి పదును పెట్టాను. యాపిల్ ఒకటి సంచిలో వేశాను.

రేపు ముక్కు మాట వినకపోయినా కన్ను వింటుంది.

ఆగస్టు 29, శనివారం

అన్నీ వరుసగా రాస్తాను. వదిలేస్తే రేపటికల్లా నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

ఉదయం తొమ్మిదికి రావెన్‌బెక్ చేరాం. క్లిఫర్డ్ గొర్రెల వైపు వెళ్లాడు. పెద్ద టెంటులోంచి పోటీదారులందర్నీ బయటికి పంపి తెర దించారు. లోపల జడ్జిలు, ఒక్కొక్కరికి ఒక సహాయకురాలు. నా సహాయకురాలు విన్నీ ఆల్డర్సన్. పదిహేనేళ్లుగా ఆవిడే. ఏడాదికి ఒక్కరోజు నా పక్కన నిలబడి, నేను చెప్పిన మార్కులు పుస్తకంలో రాస్తుంది. ఏ రొట్టె ఎవరిదో ఆవిడకు తెలుసు, నాకు తెలియదు. అందుకని ఆవిడ మాట్లాడకూడదు, రుచి చూడకూడదు, మొహంలో రంగు మారకూడదు. విన్నీ మొహం బల్లచెక్క. ఈ పదిహేనేళ్లలో మేం మాట్లాడుకున్నది మొత్తం కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు.

"నమస్తే, మిసెస్ హార్కర్. ఈసారి పదకొండు వచ్చాయి."

"మంచిది, విన్నీ."

పదకొండు ఖర్జూరం-అక్రోటు రొట్టెలు వరుసగా, కాగితం పళ్లేల్లో. మొదలుపెట్టాను. తిరగేసి అడుగు చూశాను. మూడో నంబరు అడుగున జాలీ గీతలు, రెండు మార్కులు పోయాయి. అయిదోది పొడవాటి రొట్టె అచ్చులో కాక గుండ్రటి అచ్చులో చేశారు, నిబంధన ప్రకారం కాదు, పక్కన పెట్టాను. సగానికి కోశాను, వేలితో నొక్కాను, ఒక్కో సన్నటి ముక్క నోట్లో వేసుకుని నమిలాను. నోటికి వచ్చిన మాటలన్నీ చెప్పాను. ఇది కొంచెం పొడి. ఇది తీపి ఎక్కువ. ఇది సమంగా ఉంది. విన్నీ రాసింది. నా గొంతు ఎప్పటిలాగే ఉంది. నాకే నమ్మకం కలిగింది.

రుచి చూడాల్సినవి ఆఖరికి రెండు మిగిలాయి. ఏడో నంబరు అందగత్తె. తిన్నగా ఒకే పగులు, లోపల అక్రోట్లు చుక్కల్లా సమానంగా పరుచుకున్నాయి. పదో నంబరు ఒక పక్కకు ఒరిగి, ఖర్జూరాలన్నీ అడుక్కి దిగిపోయాయి. కంటి మార్కులు చూస్తే ఏడో నంబరు ఎక్కడో పైన ఉంది. దాని ముక్క ఒకటి నోట్లో వేసుకుని నమిలాను. తీపి. మరేం లేదు.

"చాలా బాగుంది. ఖర్జూరం రుచి నిండుగా ఉంది. పదికి తొమ్మిది" అన్నాను.

విన్నీ రాయలేదు.

పెన్ను కాగితంమీద ఉంది, కదల్లేదు. మొహం బల్లచెక్కే. కాని కళ్లు నా సంచి మీద ఉన్నాయి. నా కళ్లూ అటు వెళ్లాయి. సంచి మూత తీసి ఉంది. అందులో యాపిల్ ఉంది. కొరకలేదు. పక్కన గ్లాసులో నీళ్లు అంచుదాకా ఉన్నాయి.

పద్దెనిమిదేళ్లు ఒక రొట్టెకూ ఇంకో రొట్టెకూ మధ్య నేను యాపిల్ కొరికి నీళ్లు తాగకుండా ఉన్నది లేదు. ముందు రుచి నోట్లో మిగిలి తర్వాతి దాన్ని చెడగొట్టకూడదు కాబట్టి. కొత్తవాళ్లకు అదే మొదట నేర్పిస్తాను. ఇవాళ తొమ్మిది రొట్టెలు వరుసగా నమిలి ఒక్క గుక్క నీళ్లు తాగలేదు. తుడిచెయ్యడానికి నోట్లో ఏమీ మిగల్లేదు మరి.

కత్తి కింద పెట్టాను.

"విన్నీ, నాకు రుచి తెలియడం లేదు."

"తెలుసండి" అంది. అదే మొదటిసారి, ఆ టెంటులో నేను అడగని దానికి ఆవిడ జవాబు చెప్పడం. "రెండో రొట్టె దగ్గరే తెలిసింది. మీరే చెబుతారని చూస్తున్నాను."

"నేను చెప్పకపోయుంటే?"

"ఆ తొమ్మిది రాసేదాన్ని. నా పని రాయడమే కదా. కాని వచ్చే ఏడాది రానని చెప్పేదాన్ని."

ఆవిడ నన్ను ఏమీ అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

జామ్ బల్ల టెంటు అవతలి చివర. మధ్యలో ముప్ఫై అడుగులుంటాయి. బీట్‌రూట్ల బల్ల, గుడ్ల బల్ల, వాటి జడ్జిలు. అందరూ తలెత్తి చూస్తున్నారు, జడ్జి తన బల్ల వదిలి ఇంకో జడ్జి దగ్గరికి వెళ్లదు. మూరియెల్ డెంట్ చెంచా నోట్లో పెట్టుకుని నన్ను చూసింది.

"మూరియెల్, మే నెల నుంచి నాకు వాసన లేదు. ఏమీ తెలియడం లేదు. నువ్వొచ్చి నా బల్ల చూడాలి."

ఆవిడ చెంచా తీసి తుడుచుకుంది. నవ్వుతుందనుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఆవిడ నవ్వడానికి నేను ఒక్క అవకాశం ఇవ్వలేదు, ఇవాళ పళ్లెంలో పెట్టి ఇచ్చాను.

"అయ్యో! మే నెల నుంచి ఏం తింటున్నావే నువ్వు?" అంది. అంతే.

వచ్చి యాపిల్ కొరికి, నీళ్లు తాగి, ఏడో నంబరు నోట్లో పెట్టుకుంది. వెంటనే రుమాలులోకి ఉమ్మేసింది.

"పాత అక్రోట్లు. కంపు. నిరుటివేమో."

నాకు తెలుసు ఆ అక్రోట్లు. మా కోళ్లకు కూడా తెలుసు.

పదో నంబరు తిని ఆవిడ కళ్లు మూసుకుంది. ఇంకో ముక్క తీసుకుంది, జడ్జి రెండో ముక్క తీసుకోకూడదు. "ఇదీ రొట్టె అంటే" అంది. మిగతా ఎనిమిదీ కూడా రుచి చూసింది. నేను కోసి ఇచ్చాను, ఆవిడ తిని చెప్పింది, విన్నీ రాసింది. కంటి మార్కులు నావే ఉంచింది. "కన్ను నీదే ఈనిడ్, దాంట్లో నాకు పేచీ లేదు" అంది.

తెర ఎత్తాక మొదటి బహుమతి కార్డు పదో నంబరు పక్కన పెట్టి పేరు చీటీ విప్పారు. గ్రెటా కౌలింగ్ అని కొండమీది గొర్రెల పొలం ఆవిడ. ఎనిమిదేళ్లుగా పోటీకి పెడుతోందట, ఒక్క మూడో బహుమతి కూడా రాలేదట. ఆ ఎనిమిదేళ్లూ జడ్జిని నేనే. కార్డు చూసి గడ్డిమోపు మీద కూలబడి ఏప్రాన్‌తో మొహం కప్పుకుంది. నేను తొమ్మిది అని చెప్పిన మాట విన్నీ పెన్ను దాటి ఉంటే, ఆవిడ ఇవాళ కూడా ఖాళీ పళ్లెం పట్టుకుని ఇంటికి వెళ్లేది. నాకు సిగ్గేసింది. ఇంకా వేస్తోంది.

కారులో క్లిఫర్డ్‌కు అంతా చెప్పాను. గేటు దగ్గర ఆపి ఇంజను కట్టేసి కూర్చున్నాడు.

"కోళ్ల దగ్గర దాచింది నేనే కదా. తప్పు నాది కూడా" అన్నాడు.

"అవును" అన్నాను.

ఆగస్టు 30, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. ఆ పియానో మొహం చూడలేను.

సెప్టెంబరు 2, బుధవారం

జిల్లా కమిటీకి ఉత్తరం రాశాను. జడ్జిల జాబితాలోంచి నా పేరు తీసేయమని, రొట్టెల బల్ల మూరియెల్ డెంట్‌కు ఇవ్వమని. ఆవిడకు వచ్చినవి ఎనభై ఆరు మార్కులు. అది కూడా రాసి, తర్వాత కొట్టేశాను. తర్వాత ఉత్తరం మొత్తం కొత్తగా రాశాను, కొట్టివేత కనబడకుండా.

సెప్టెంబరు 6, ఆదివారం

చర్చికి వెళ్లాను. టీ దగ్గర అందరికీ వినబడేలా చెప్పాను, నాకు వాసన పోయింది, జూలైలో మీ అందరికీ కంపు రొట్టె పెట్టాను, క్షమించండి అని. పాస్టరుగారి భార్య గట్టిగా ఊపిరి వదిలి, "హమ్మయ్య, మిసెస్ హార్కర్! నేను రెండు నెలల్నుంచి రాత్రుళ్లు ఆ పూలకుండీనే తలుచుకుంటున్నాను" అంది. పియానో కింద పెట్టింది ఎవరో మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

సెప్టెంబరు 15, మంగళవారం

మధ్యాహ్నం బస్సులో విన్నీ ఆల్డర్సన్ దిగింది. చేతిలో అర కిలో ఖర్జూరాలు, కొత్త అక్రోట్ల పొట్లం. గుమ్మంలోనే నిలబడింది.

"నేను జడ్జి పరీక్ష రాద్దామనుకుంటున్నానండి. పదిహేనేళ్లు మీరు చెప్పింది రాశాను గానీ ఎందుకు చెప్పారో తెలియదు. నేర్పిస్తారా?"

"ముక్కులేని మాస్టారు నీకెందుకు?"

"ముక్కు నా దగ్గర ఉంది మిసెస్ హార్కర్. కన్ను, చెయ్యి మీవి కావాలి."

లోపలికి రమ్మన్నాను. నా పేరు ఈనిడ్ అని చెప్పాను. ఖర్జూరాలు తరిగాం. వేలితో నొక్కడం నేర్పాను, అడుగు తిరగేసి చూడడం నేర్పాను. ఆవిడ పిండి కలుపుతుంటే పిండి రంగు చూసి సోడా ఒక చిటికె ఎక్కువైందన్నాను. ఆవిడ వాసన చూసి అవునంది. ఎన్ని మాటలు ఆ మనిషిలో! పదిహేనేళ్లవి ఒక్క మధ్యాహ్నంలో వదిలింది.

రొట్టెను బటర్ పేపర్‌లో చుట్టి డబ్బాలో పెట్టాం. రెండు రోజులు ఆగితేనే దాని రుచి.

సెప్టెంబరు 20, ఆదివారం

ముక్కు రాలేదు. రోజూ ఉదయం కాఫీ సీసా మూత తీసి చూస్తాను, అంతే.

శుక్రవారం నా అంతట నేను ఒక రొట్టె చేశాను, విన్నీ పొట్లంలో మిగిలిన అక్రోట్లతో. వేసే ముందు పొట్లం క్లిఫర్డ్ ముక్కు కింద పెట్టాను. బాగున్నాయన్నాడు. ఇవాళ టీ వేళకు ఒక ముక్క కోసి, వెన్న రాసి, జామ్ సీసా బీరువాలో పెట్టి తాళం వేసి, ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"నిజం చెప్పాలి."

ఆయన చాలా సేపు నమిలాడు. పాపం, చెమట పట్టింది.

"ఉప్పు వేయలేదు పిల్లా" అన్నాడు. "అదీకాక... నీ రొట్టెలో ఖర్జూరాలు మరీ పెద్దగా తరుగుతావు. మొదట్నుంచీ. పళ్లకు అంటుకుంటాయి."

"మొదట్నుంచీ అంటే?"

"పెళ్లయినప్పట్నుంచి."

ముప్ఫై నాలుగేళ్లు! నేను నోరు తెరుచుకుని ఆయన్ను చూశాను. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. నాకు కోపం రాలేదు. ఎందుకో గుండె తేలికైంది. ఉప్పు అర చెంచా, ఖర్జూరాలు ఇంకా సన్నగా, అని ఇక్కడే రాసుకుంటున్నాను.

ఇంకేమైనా ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపి, అడక్కుండానే రెండో ముక్క తీసుకున్నాడు. తర్వాత మూడోది.

కోళ్లకు ఏమీ మిగల్లేదు.